చలికి కాస్తుంది, చవుడుకు చస్తుంది: మేడ మీద స్ట్రాబెర్రీ

ప్రశ్న: మాది హన్మకొండ. డిసెంబరు మొదటి వారంలో నర్సరీ నుంచి ఆరు స్ట్రాబెర్రీ మొక్కలు తెచ్చి, మేడ మీద పాత పెయింట్ బకెట్లలో పెట్టాను. ఊరి నుంచి తెప్పించిన నల్లరేగడి, పెంట ఎరువు సగం సగం కలిపి నింపాను. రోజూ పొద్దున బోరు నీళ్లు పోస్తున్నాను. రెండు మొక్కలు మధ్యాహ్నం వాడిపోయి, సాయంత్రం మళ్లీ లేచి, నాలుగైదు రోజులకు చచ్చిపోయాయి. మిగిలిన నాలుగింటికి కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి, ముదురు ఆకుల అంచులు మాడుతున్నాయి. సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా ఏడెనిమిది పండ్లు కాశాయి. అన్నీ చిన్నవి, వంకరవి, పుల్లనివి. ఒకరు ఎప్సమ్ సాల్ట్ వేయమంటారు, ఇంకొకరు ఇంకా ఎరువు వేయమంటారు. ఏం చేయాలి? ఎండాకాలం వీటిని బతికించుకోవచ్చా? మా మనవరాలు ఆన్‌లైన్‌లో విత్తనాల ప్యాకెట్ కూడా తెప్పించింది, వేయమంటారా?

జవాబు: ముందు ఎరువు ఆపేయండి. ఎప్సమ్ సాల్ట్ పొట్లం విప్పనే వద్దు. అది ఇచ్చేది మెగ్నీషియం. మెగ్నీషియం తక్కువైతే ముదురు ఆకుల్లో ఈనెల మధ్య రంగు పోతుంది. మీకు రంగు పోయినవి లేత ఆకులు. ఒక లేత ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. ఆకంతా పసుపుగా ఉండి, ఈనెలు మాత్రం సన్నటి ఆకుపచ్చ గీతల్లా కనిపిస్తే దానికి ఇనుము అందడం లేదన్నమాట. ఇనుము మట్టిలో ఉంది, కానీ వేరు తీసుకోగలిగిన రూపంలో లేదు. స్ట్రాబెర్రీకి మట్టి కాస్త పులుపు వైపు, అంటే పి.హెచ్. 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. నల్లరేగడిది సాధారణంగా 7.5 పైమాటే, 8 దాటినా వింత లేదు. 7 దాటితే క్షారం కిందే లెక్క. దానికి తోడు రోజూ బోరు నీళ్లు. ఉన్న ఇనుమును కూడా ఆ క్షారం కట్టిపడేస్తోంది.

అంచులు మాడటానికి కారణం ఉప్పు. నీళ్లలో కొంత, సగానికి సగం వేసిన పెంట ఎరువులో కొంత. ఆ బోరు నీళ్లకే టమాటాలు బాగానే కాస్తున్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. మట్టిలో ఉప్పు కొలతను ఇ.సి. అంటారు. టమాటా ఆ కొలత 2.5 దాకా ఓర్చుకుంటుంది, స్ట్రాబెర్రీకి 1 దాటితేనే కాపు తగ్గడం మొదలవుతుంది. పండ్ల మొక్కల్లో ఉప్పుకు ఇంత సున్నితమైనవి చాలా తక్కువ. మీ మొక్కలకు తిండి ఎక్కువై, ఆ బోరు నీళ్లు సరిపడక ఈ గోస.

నీళ్ల సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నీళ్లు పట్టే బకెట్ అంచునో, కుండీ గోడకో తెల్లటి పూత ఉంటుంది. దాని మీద రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే సున్నం ఎక్కువున్న నీళ్లే. పొంగకుండా ఉప్పగా, పొడిపొడిగా రాలితే మామూలు లవణాలు. మన దగ్గర చాలా బోర్లలో రెండూ ఉంటాయి.

మునిసిపల్ నల్లా నీళ్లు వస్తుంటే ఈ నాలుగు మొక్కలకు అవే పోయండి. ఒక బకెట్ పట్టి రాత్రంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ వాసన పోతుంది. నగరానికి వచ్చేది చెరువుల్లో నిలిపి శుద్ధి చేసిన నీరు కాబట్టి బోరు నీళ్లంత ఉప్పు సాధారణంగా ఉండదు. బోరు తప్ప దిక్కు లేకపోతే పది లీటర్లకు 2 నుంచి 3 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), అంటే సుమారు అర చెంచా, కలిపి పోయండి. కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పే చాలు. ప్రతి బోరుకూ ఒకే లెక్క కుదరదు కాబట్టి ఒకసారి పి.హెచ్. కాగితం ముంచి చూడండి, 6 నుంచి 6.5 మధ్య నిలవాలి. నిమ్మ ఉప్పు క్షారాన్ని విరుస్తుందే గానీ లవణాలను తీసేయదు. అందుకని వారానికి ఒకసారైనా నల్లా నీళ్లతో కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా తడపాలి. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: వాటర్ ఫిల్టర్ పక్క పైపు నుంచి బయటికి వచ్చే నీళ్లను మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఫిల్టర్ వడగట్టి వదిలేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. స్ట్రాబెర్రీకి అది విషం.

పసుపు రంగు త్వరగా పోవాలంటే చీలేటెడ్ ఐరన్ (మొక్క తీసుకోగలిగే రూపంలోని ఇనుము) లీటరుకు అర గ్రాము నుంచి 1 గ్రాము కలిపి, ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయండి, పది రోజులకు మరోసారి. మొక్క మొదట్లో పోయాలనుకుంటే మాత్రం ఎరువుల షాపులో ఇ.డి.డి.హెచ్.ఎ. రకం అని అడగండి, ముదురు ఎరుపు రంగు పొడి. రెండు లీటర్లకు 1 గ్రాము, మొక్కకు ఒక గ్లాసు. మామూలు ఇ.డి.టి.ఎ. రకం క్షారపు మట్టిలో పనికిరాకుండా పోతుంది, దాన్ని ఆకులకే వాడాలి. పాత ఆకులు మళ్లీ పచ్చబడవు, ఇకపై విచ్చుకునే ఆకును చూసి ఫలితం తెలుసుకోండి.

ఇక చచ్చిపోయిన రెండు మొక్కలు. స్ట్రాబెర్రీకి కాండం అంటూ పెద్దగా ఉండదు. ఆకుల కాడలన్నీ కలిసే చోట బొటనవేలి కణుపంత పొట్టి గడ్డ ఉంటుంది, నర్సరీ వాళ్లు దాన్ని క్రౌన్ అంటారు. ఆకు, పువ్వు, తీగ, అన్నీ దాని నుంచే పుడతాయి. నాటేటప్పుడు ఆ గడ్డలో సగం మట్టి లోపల, సగం పైన ఉండాలి. నడిమధ్య లేత మొగ్గ మీద చిటికెడు మట్టి పడినా అందులో తడి నిలిచి కుళ్లుతుంది. మరీ పైకి పెడితే కొత్త వేర్లు పుట్టే చోటు ఎండిపోయి మొక్క గిడసబారుతుంది. నాటడంలో తప్పులు ఎక్కువగా జరిగేది ఈ అంగుళం దగ్గరే. మీ నాలుగు మొక్కల మొదళ్ల దగ్గర మట్టిని ఇప్పుడే వేలితో మెల్లగా పక్కకు తోసి, మొగ్గ పైకి కనబడేలా చేయండి. రేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు కుంగుతుంది, కాబట్టి మీరు సరిగ్గా నాటినా తర్వాత గడ్డ లోపలికి దిగి ఉండవచ్చు.

ఇంకొక మొక్క అలాగే వాడితే పీకి పారేయకుండా గడ్డను చాకుతో నిలువుగా చీల్చి చూడండి. లోపల పాలమీగడ రంగులో గట్టిగా ఉంటే గడ్డకు జబ్బు లేదు, వేర్లు చూడాలి. వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు ఊడి లోపల సన్నటి దారం ఒక్కటే మిగిలితే, నీళ్లు నిలిచి కుళ్లింది. గడ్డ లోపలే తుప్పు రంగు చారలు ఉంటే అది ఆంత్రక్నోస్ అనే శిలీంధ్రం, ఎక్కువగా నర్సరీ నుంచే మొక్కతో పాటు వస్తుంది. దానికి మందు కొట్టి లాభం లేదు. ఆ మొక్కను, ఆ బకెట్ మట్టిని బయట పడేసి, బకెట్‌ను బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి ఎండబెట్టండి. ఆ మట్టిలో మిరప, టమాటా నారు కూడా పెట్టకండి.

మట్టి మార్చాలా వద్దా? ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. ఒక నిమిషంలో ఇంకిపోతే అలాగే ఉంచి నీళ్లు మార్చండి చాలు. ఐదు నిమిషాలైనా పైనే నిలిచి ఉంటే ఫిబ్రవరి మొదటి వారం దాటకుండా మార్చేయండి. పూలు, పిందెలు కత్తిరించి, వేర్ల చుట్టూ గుప్పెడు మట్టితో సహా మొక్కను ఎత్తి కొత్త మిశ్రమంలో పెట్టాలి. పది పన్నెండు రోజులు కాపు ఆగుతుంది, అయినా మొక్క దక్కుతుంది.

మిశ్రమానికి లీటరు మగ్గు కొలత పెట్టుకోండి. పది లీటర్లకు ఎర్ర చెల్క మట్టి మూడు మగ్గులు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నాలుగు, వర్మీకంపోస్ట్ రెండు, గరుకు ఇసుక ఒకటి, వేపపిండి ఒక గుప్పెడు, ట్రైకోడెర్మా (వేరుకుళ్లును అడ్డుకునే మేలు శిలీంధ్రపు పొడి) ఒక చెంచా. వర్మీకంపోస్ట్ లేకపోతే బాగా మాగి, మట్టి వాసన వచ్చే పెంట ఎరువు అంతే కొలతలో వాడవచ్చు. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉన్నా, ఘాటు వాసన వచ్చినా ఇంకా మాగలేదు. కోకోపీట్ ఇటుకను నానబెట్టి, పిండి, నీళ్లు పారబోసి, మూడుసార్లు అలా చేశాకే కలపండి. కడగని కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, మనం తప్పించుకోవాలనుకుంటున్నదే అది.

పెయింట్ బకెట్లు బాగానే పనికొస్తాయి. లోపల పెయింట్ పొలుసులు పూర్తిగా గీకేయండి. అడుగున చిటికెన వేలు పట్టే రంధ్రాలు ఆరు నుంచి ఎనిమిది ఉండాలి, చాలామంది రెండు పెట్టి ఊరుకుంటారు. రంధ్రాల మీద కంకర పరచనక్కర్లేదు. కంకర వేస్తే నీళ్లు బాగా దిగుతాయనుకోవడం పొరపాటు, తడి నిలిచే పొర ఇంకా పైకి, వేర్ల దగ్గరికి జరుగుతుంది. ఇరవై లీటర్ల బకెట్‌కు రెండు మొక్కలు చాలు. బకెట్‌ను స్లాబ్ మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద నిలపండి.

రోజూ పొద్దున పోయాలనే లెక్క వద్దు. వేలు ఒక కణుపు లోతు దింపి, తడి తగలకపోతేనే పోయండి. ఈ చలిలో రెండు రోజులకోసారి సరిపోవచ్చు, ఫిబ్రవరి చివరికి రోజూ కావాలి. ఆకుల మీద, గడ్డ మీద పడకుండా అంచు వెంట పోయండి. మొక్క చుట్టూ రెండు అంగుళాల మందాన ఎండు వరిగడ్డి పరిస్తే తడి ఆరదు, పండు మట్టికి తగలదు.

వంకర పండ్లకు కారణం వేరే ఉంది. మనం తినే ఎర్రటి కండ అసలు పండు కాదు, పువ్వు కింది పీఠం ఉబ్బినది. పైన కనిపించే గింజలే దాని అసలు పండ్లు. ఏ గింజకు పుప్పొడి అందిందో ఆ గింజ చుట్టూ ఉన్న కండే ఉబ్బుతుంది. మీ వంకర పండును ఒకదాన్ని దగ్గరగా చూడండి. కుంచించుకుపోయిన వైపు గింజలు చిన్నవిగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటే పుప్పొడి అందలేదన్నమాట. మేడ మీదికి తేనెటీగలు అంతగా రావు. పొద్దున పది గంటల తర్వాత, మంచు ఆరాక, పిల్లలు రంగులు వేసే మెత్తటి కుంచెతో పువ్వులో పసుపు పచ్చని కేసరాల వలయం మీద ఒక చుట్టు తిప్పి, వెంటనే నడిమి బొడిపె నిండా నిమరండి. పువ్వు విచ్చిన రోజు నుంచి మూడు రోజులు చేస్తే చాలు. పక్కనే రెండు బంతి మొక్కలో, సబ్జా మొక్కో ఉంటే తేనెటీగలే వచ్చి ఆ పని చేస్తాయి. పండంతా గోధుమ రంగు గరుకు తేలి, గింజలు బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటే మాత్రం తామర పురుగులు. తెల్లకాగితం మీద పువ్వును తట్టండి, సన్నటి పసుపు నలుసులు పాకుతాయి. నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీసి, సాయంత్రం పూట లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి కొట్టండి.

పులుపు గురించి చెప్పాలంటే, బహుశా మీరు తొందరపడి కోస్తున్నారు. మామిడిలా, అరటిలా ఇది కోశాక మాగదు. గులాబీ రంగులో తెంపితే బయట రంగు తిరుగుతుందేమో గానీ తీపి ఎక్కదు. తొడిమ కింద భుజాల దాకా ఎర్రబడ్డాక, ఇంకో రోజు ఉంచి, పొద్దున్నే కాడతో సహా గిల్లండి. తినే ముందు తప్ప కడగవద్దు. అన్నాళ్లు ఉంచితే పికిలి పిట్టలు, ఉడుతలు బతకనివ్వవని మీ బాధ అయి ఉంటుంది. కాయ రంగు తిరగగానే చిన్న నెట్ సంచి కట్టండి, లేదా మొక్క మీద పాత ప్లాస్టిక్ జల్లి బుట్ట బోర్లించండి. కోతుల గుంపు దిగే వాడ అయితే సంచీ ఆగదు, బుట్టా ఆగదు, మొక్కల్ని గ్రిల్ ఉన్న బాల్కనీలోకి మార్చుకోవాల్సిందే. అక్కడ కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి. నీడలో పండింది ఎర్రగా ఉన్నా చప్పగానే ఉంటుంది.

కొత్త ఆకులు పచ్చగా రావడం మొదలయ్యాక, అంతకు ముందు కాదు, పది రోజులకోసారి 13:0:45 ఎరువు (పొటాషియం నైట్రేట్; ఈ అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) లీటరుకు 1 గ్రాము చొప్పున కలిపి మొక్కకు ఒక గ్లాసు పోయండి. నడుమ ఒకసారి కాల్షియం నైట్రేట్ అదే మోతాదులో. కాల్షియం నైట్రేట్‌ను 19:19:19తో గానీ ఏ సల్ఫేటుతో గానీ ఒకే బకెట్‌లో కలపకండి, పాలలా విరిగి అడుగున సున్నంలా పేరుకుంటుంది. యూరియా వేస్తే ఆకులు గొడుగుల్లా పెరుగుతాయి, కాయలుండవు.

ఫిబ్రవరిలో గాలి పొడిబారగానే ఎర్రనల్లి వస్తుంది. ఆకు పైన పిండి చల్లినట్టు సన్నటి చుక్కలు, కింద బూజులాంటి గూడు. మూడు రోజులకోసారి ఆకుల అడుగు భాగాన్ని నీటి పిచికారీతో గట్టిగా కడిగితే మొదట్లోనే అదుపవుతుంది. ఈ పని పొద్దున్నే చేయండి, చీకటి పడేలోగా ఆకులు ఆరాలి. మితిమీరితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు. వేపనూనె కొట్టి రెండు వారాలు కాకముందు, లేదా ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున గంధకం కొడితే ఆకులు కాలిపోతాయి. మంచు పట్టిన రోజుల్లో పండు మీద బూడిద రంగు బూజు కనిపిస్తే ఆ పండును, దాని పక్క పండును తీసేయండి, ఎండుటాకులు ఏరేయండి. మందు అవసరం రాదు.

ఎండాకాలం గురించి ఆశ పెట్టడం మాకిష్టం లేదు. మహాబలేశ్వరం సుమారు 1,350 మీటర్ల ఎత్తున ఉంది, మన వరంగల్ మూడు వందల మీటర్ల లోపే. ఇక్కడ పువ్వుకు కావలసిన చల్లటి రాత్రులు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, దానితో పాటే పూత కూడా. ఆ తర్వాత మొక్క తీగలు సాగుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాళ్లకు ఇంకొన్ని రోజులు కలిసొస్తాయి, అంతే. అందుకే ఏటా నాటుకునే చలికాలపు పంటగానే దీన్ని చూడమంటాం. మీరు డిసెంబరులో నాటడంతో సగం కాలం అప్పుడే పోయింది. వచ్చేసారి దసరా పోయి వానలు వెనకబట్టాక, అక్టోబరు 15 నుంచి నవంబరు 10 లోపు నాటండి. మొదటి పది రోజులు షేడ్ నెట్ కింద ఉంచి, మొదటి మూడు వారాల్లో వచ్చిన పూలన్నీ మొహమాటం లేకుండా గిల్లేయండి. ఆ బలంతో వేర్లు దిగి డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా కాపు వస్తుంది. మొక్కకు పావు కిలో దాటితే మన ఎండలకు బాగా పండినట్టే. కొనేటప్పుడు వింటర్ డాన్, కామరోసా, నబీలా వంటి పేర్లు వింటారు. త్వరగా కాపుకొచ్చే వింటర్ డాన్ మన పొట్టి చలికాలానికి నప్పుతుంది. పేరు కంటే ముందు మొక్కను చూడండి. గడ్డ పెన్సిల్ లావు ఉండాలి, ట్రే నుంచి లాగితే వేర్లు తెల్లగా ఉండాలి, ఆకుల అడుగున చుక్కలుండకూడదు.

అయినా ఒకటి రెండు దాచుకోవాలని ఉంటే పాత మొక్కల్ని కాకుండా వాటి పిల్లల్ని దాచండి. ఇప్పుడొచ్చే తీగల్ని కత్తిరించేయండి, కాపు అయిపోయాక మార్చిలో వచ్చిన వాటిని ఉంచుకోండి. తీగ మీద మొదటి కణుపు దగ్గర సాధారణంగా ఏమీ రాదు, రెండో కణుపు దగ్గర చిన్న ఆకుల గుత్తి పుడుతుంది. దాని కింద తడి కోకోపీట్ నింపిన టీ కప్పు పెట్టి, వంచిన ఇనుప తీగ ముక్కతో నొక్కి ఉంచండి. మూడు నాలుగు వారాల్లో వేర్లు పట్టాక తల్లి నుంచి తెంపండి. ఏప్రిల్ నుంచి తూర్పు వైపు నీడలో, మట్టి కుండీలో, రెండు పూటలా కొద్దికొద్దిగా నీళ్లతో ఉంచాలి. ఎరువు వద్దు. రోహిణి కార్తె దాటాక కూడా నిలిచినవాటిని వానలకు చూరు కిందికి జరపండి. సగం దక్కితే గొప్పే.

విత్తనాల ప్యాకెట్ మీద నీలం, నలుపు పండ్ల బొమ్మలుంటే అలాంటి స్ట్రాబెర్రీలే లేవు. ఎర్రటి బొమ్మ ఉన్నా, మనం కొనుక్కునే పెద్ద పండ్ల రకాలు గింజ నుంచి తల్లిలా రావు. గింజ మొలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు, మొక్క గడ్డ కట్టేసరికి ఎండలు వచ్చేస్తాయి. మనవరాలికి ఆ టీ కప్పు, ఇనుప తీగ ముక్క ఇచ్చి ఒక తీగను అప్పగించండి. వేర్లు పట్టాయో లేదో చూడటానికి రోజూ లాగి చూడొద్దని, కొత్త ఆకు విచ్చుకునేదాకా ఆగమని మాత్రం ముందే చెప్పండి.